కోబాల్ట్ పోయిన నాడు

రెండేళ్లుగా ఓబుళేశు పని గేటు తీయడం, గేటు వేయడం. కర్నూలు ఊరు దాటి, కల్లూరు కూడా దాటినాక ఉండే ఆ రేకుల షెడ్డుకు రోజుకు నాలుగు బండ్లు వస్తే ఎక్కువ. మిగతా పొద్దంతా గేటు పక్కన పరిచిన కడప బండ మీద కూర్చుని షెడ్డు వైపు చూస్తాడు. గేటుకూ షెడ్డు తలుపుకూ మధ్య నలభై అడుగులు. ఆ నలభై అడుగులూ దాటొద్దని డాక్టరు చెప్పినాడు, యజమాని గోపీనాథ్ చెప్పినాడు, భార్య నాగజ్యోతి ఒట్టు వేయించుకుంది. ముగ్గురికీ తల ఊపినాడు. చూపుకు మాత్రం ఎవరూ ఒట్టు వేయించలేకపోయినారు.

లోపల ఫర్నేసు ఉంది. పద్దెనిమిదేళ్లు దాన్ని నడిపినవాడు ఓబుళేశు.

అక్కడ తయారయ్యేవి బోరుబండి కొసన రాతిని తొలిచే బిట్టుకు పెట్టే బటన్లు. బోరు వేయించే రైతు నీళ్లు పడతాయా లేదా అని చూస్తాడు కానీ బిట్టును చూడడు. బిట్టు మూతికి పళ్లలాగా గుచ్చిన బటన్ల సంగతి అసలే తెలియదు. రాతిని కొరికేది అవే. టంగ్‌స్టన్ కార్బైడ్ అనే బూడిదరంగు పొడితో చేస్తారు వాటిని. ఆ పొడి ఎంత గట్టిదో అంత మొండిది, తనకు తానుగా అతుక్కోదు. దానికి పదోవంతు కోబాల్ట్ పొడి, కాస్త మైనం కలిపి మూడు రోజులు స్పిరిట్‌లో నూరుతారు. ట్రేలలో ఆరబెడతారు. అచ్చులో నొక్కుతారు. అప్పటికి అది బలపమంత మెత్తన, గోరు గీస్తే గీత పడుతుంది. దాన్ని ఫర్నేసులో పెట్టి, గాలి అంతా లాగేసి, పద్నాలుగు వందల డిగ్రీల దాకా వేడి ఎక్కిస్తే కోబాల్ట్ కరిగి పలుకు పలుకునూ పట్టుకుంటుంది. బటన్ ముడుచుకుని చిన్నదవుతుంది. బయటికి వచ్చినాక గోరు కాదు గదా, గడ్డపార కూడా దాని మీద గీత గీయలేదు.

ఆ మారే నిమిషం ఒకటుంది. ఫర్నేసు గోడకు గుప్పెడంత దళసరి అద్దం ఉంటుంది, లోపలికి చూడడానికి. వేడి ఎక్కేకొద్దీ లోపలి రంగు మారుతుంది. చివరికి, మీటరు ఏం చెప్పినా సరే, బటన్ల అంచులు నెయ్యి పూసినట్టు ఒక్కసారిగా మెరుస్తాయి. ఓబుళేశు దాన్ని చెమట పట్టడం అంటాడు. "బటన్లకు చెమట పట్టింది" అంటే ఇంక అరగంట అట్లే ఉంచి వేడి దించాలి. మీటరు తప్పిన రోజులున్నాయి గానీ ఓబుళేశు కన్ను తప్పిన రోజు లేదు. రెండేళ్లుగా అతనికి కావలసింది ఆ అద్దం ముందర ఒక్క నిమిషం.

అతనిది కోసిగి పక్క పల్లె. దీపావళి దాటితే ఆ ఊరిలో సగం ఇండ్లకు తాళాలు. సుగ్గికని, కోతల కూలికి, మూటలు కట్టుకుని గుంటూరు మిరపచేలకు పోయేవాళ్లు. ఓబుళేశు నడక నేర్చింది ఒక ఊరి చేను గట్టు మీద, మాటలు నేర్చింది ఇంకో ఊరి గుడిసెలో. వాళ్లమ్మ బడిలో అతని పేరు రాయించిన ప్రతి ఏడూ జనవరికి ఆ పేరు కొట్టేసేవాళ్లు. పంతొమ్మిదేళ్లకు ఈ షెడ్డులో పొడి మోయడానికి చేరినాడు. పొడి గదిలో ఏడాది గడిచినాక ఫర్నేసు కాడికి పంపినారు. ఒకసారి వెలిగించిన ఫర్నేసు మనిషిని కదలనీయదు, ఒకటిన్నర రోజు పక్కనే ఉండాలి. అందరూ దాన్ని చాకిరీ అన్నారు. పుట్టినప్పటి నుంచీ కదులుతూ బతికినవాడికి అది ఇల్లులాగా తోచింది.

అన్నీ ఒకే రేకు కింద ఉండే షెడ్డు అది. పొడి గదికీ ఫర్నేసుకూ మధ్య ఉన్నది ఒక గోనె తెర. పద్దెనిమిదేళ్లు కోబాల్ట్ దుమ్ము ఆ తెరను లెక్కచేయలేదు. ముందు దగ్గు వచ్చింది, పిమ్మట ఆయాసం. కోబాల్ట్ ఎక్కడో సముద్రాల అవతల దేశంలో తవ్వుతారట, అక్కడా పేదవాళ్లే తవ్వుతారట. తవ్వినవాడి రొమ్ముకూ నూరినవాడి రొమ్ముకూ అది ఒకే తీరున బాకీ తీర్చుకుంటుంది. మధ్యలో అమ్మినవాళ్లకు మాత్రం ఏమీ కాదు.

పెద్దాసుపత్రి డాక్టరు ఎక్స్‌రే ఫిలిం పైకెత్తి చూపించి చెప్పినాడు. "ఆ పొడి నీ ఒంటికి పడదు. దానికి దూరంగా ఉండు. పోయిన ఊపిరి తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకో."

ఓబుళేశు మొదటి మాట విన్నాడు. పొడి పడదు, అంటే పొడి లేకపోతే పడుతుంది. రెండో మాట నాగజ్యోతి విన్నది.

*

కోబాల్ట్ ధర చుక్కలనంటే గోపీనాథ్‌కు ఉన్నట్టుండి దాని చెడుగుణాలు కనబడినాయి. అతని మేనల్లుడు జ్ఞానేశ్వర్ లోహాల చదువు చదివి వచ్చినవాడు, మాట మంచిది. కోబాల్ట్ బదులు ఇనుము, నికెల్ కలిపిన పొడి వాడొచ్చని అతను లెక్కలు వేసి చూపించినాడు. ఆ పొడితో ఫర్నేసులో మూడు కాల్పులు చూద్దామన్నాడు గోపీనాథ్. కుదిరితే కోబాల్ట్ షెడ్డు వదిలి పోతుంది, కుదరకపోతే మళ్లీ పాత పొడికే ఆర్డరు పెట్టాలి.

అప్పటికి ఫర్నేసు నడుపుతున్న అయ్యన్న ఎండాకాలం పోతూనే సిమెంటు ఫ్యాక్టరీకి పోతానని చెప్పేసినాడు. ఓబుళేశు గేటు తీస్తూ గోపీనాథ్ కారు అద్దం దగ్గర వంగినాడు.

"సార్, కోబాల్టు పోతే నేను లోపలికి రావచ్చు గదా?"

"పోనీలేప్పా, ముందు పోనీ."

"పోతే?"

"పోతే నీ ఫర్నేసు నీదే. నాకు మాత్రం ఇంకెవడు దొరుకుతాడు?"

ఆ మాట పట్టుకుని ఇంటికి పోయి నాగజ్యోతికి చెప్పినాడు. ఆమె జొన్నరొట్టె తడుతూ తల ఎత్తలేదు.

"ఆ డాక్టరు ఇంకోమాట గూడా చెప్పె" అంది.

"ఏం చెప్పె?"

"నీకు ఇనపడినప్పుడు చెప్తాలే."

మొదటి కాల్పు శివరాత్రి దాటినాక జరిగింది. చల్లారినాక జ్ఞానేశ్వర్ పిడికెడు బటన్లు గేటు దగ్గరికి తెచ్చినాడు. అది ఆ షెడ్డు ఆచారం. ఎన్ని మిషన్లు కొలిచినా బటన్లను ఒకసారి ఓబుళేశు బండ మీద వేసి వినాలి. రొమ్మెత్తు నుంచి వదిలితే మంచి బటన్ గుడి గంట చివరి మోతలాగా పలుకుతుంది, చెడ్డది పచ్చికుండలాగా డబ్బుమంటుంది. ఓబుళేశు ఒక్కొక్కటే వదిలినాడు. పన్నెండూ పలికినాయి. పన్నెండోదాన్ని ఎత్తుకుని, వేరేవాళ్లు చూడకుండా జేబులో వేసుకున్నాడు.

రెండో కాల్పు ఉగాది పోయిన మూడు వారాలకు. పొడి అదే, లెక్కలు అవే, అయ్యన్నా అతనే. బండ మీద వేస్తే పన్నెండింటిలో తొమ్మిది డబ్బుమన్నాయి. రెండు అక్కడే పగిలినాయి.

"కార్బన్ తగ్గింది ఓబుళేశన్నా" అన్నాడు జ్ఞానేశ్వర్, పగిలిన ముక్కను ఎండకు తిప్పుతూ. "కోబాల్ట్ అయితే కొంచెం అటూ ఇటూ ఓర్చుకుంటుంది. ఇనుము ఓర్వదు. కార్బన్ చాలకపోతే గట్టి పలుకుల నుంచే లాక్కుంటుంది. అప్పుడు బటన్ పెంకులాగా పెళుసైపోతుంది. కానీ యాడ తగ్గిందో అర్థం కాలే. తూకం నేనే వేసినా."

"పొయ్యిలో తప్పు లేదు గదా?"

"పొయ్యిలో ఏం లేదు. తప్పు అంతకు ముందే యాడనో జరిగింది."

గోపీనాథ్ ఇంకొక్కసారే అన్నాడు. ఫోనులో పాత పొడి అమ్మే మనిషితో కూడా మాట్లాడి పెట్టుకున్నాడు. వ్యాపారం తెలిసినవాడు ఒక కాలు గట్టు మీదనే ఉంచుతాడు.

*

ఆ వారమంతా ఓబుళేశుకు నిద్ర లేదు, అన్నం లేదు. కార్బన్ యాడ పోయింది? షెడ్డులోకి పోయి చూడలేడు. గేటు దగ్గర కూర్చుని లోపలి పనిని ఒక్కొక్కటే మనసులో చేస్తూ పోయినాడు. పొడి తూచినాడు, మిల్లులో వేసినాడు, మూడు రోజులు తిప్పినాడు, ట్రేలలో పోసినాడు. ప్రతిసారీ ఫర్నేసు అద్దం దగ్గరికి రాగానే ఆగిపోయి, అక్కడే ఉండిపోయేవాడు.

పొడి గదిలో పనిచేసే కృపమణి మధ్యాహ్నం ట్రేల మీద కప్పే గుడ్డలు ఉతికి తెచ్చి, గేటు పక్క కంచె మీద ఆరేసింది. ముప్పై ఐదేళ్లుంటాయి, నోటికి గేటు లేని మనిషి.

"ఏమన్నా, మళ్లా షెడ్డును మింగేట్టు చూస్తాండావు?"

"చూస్తే అరిగిపోతాదా ఏంది."

"పెండ్లాన్ని ఇట్ల చూసింటే వదిన ఇంకొంచెం లావైతాండె."

ఓబుళేశు నవ్వబోయి దగ్గినాడు. దగ్గు తగ్గి తల ఎత్తేసరికి ఎదురుగా తెల్లగుడ్డ. దాని అంచున టీ ఒలికినట్టు మచ్చలు.

"ఇదేంది మేయ్, గుడ్డల మీద టీ తాగినారా?"

"టీ గాదు, నా ఖర్మ. నాలుగుతూర్లు సబ్బు పెడితి. ముందర నల్లమరక ఉంటాండె, అది పోతాండె. ఇది పోనే పోలే."

ఓబుళేశు లేచినాడు. గుడ్డ మచ్చను వేలితో రాసినాడు. వాసన చూసినాడు. సుగ్గికి పోయివచ్చి తాళం తీసేటప్పుడు వాళ్లమ్మ కొంగుకు అయ్యే మరక అది. నాలుగు నెలలు మంచులో నానిన తాళం మరక.

"ఇది ఏ ట్రే మీది గుడ్డ?"

"కూలరు పక్కది."

"దూరం ట్రేలవి?"

"అవి బాగనే ఉండాయి, సూడు."

నీళ్ల కూలరు! శివరాత్రికి చలి పోలేదు, కూలరు వేయలేదు. ఉగాది దాటినాక నలభై రెండు డిగ్రీలు. తడి గాలి నేరుగా ట్రేల మీదికి కొడుతుంది. పదేళ్లుగా ఆ గాలికి ఆరిన పొడికి ఏమీ కాలేదు, ఎందుకంటే అది కోబాల్ట్. ఇప్పుడుండేది ఇనుము. డబ్బా మీద ఇనుము అని రాసి ఉంది, అందరూ చదివినారు. కానీ చేతికి నల్లగా అంటుకునే పొడిని చూస్తే అందరికీ కోబాల్ట్ నాటి అలవాటే వచ్చింది. చిన్నపిల్లకు కూడా తెలిసిన సంగతి, ఇనుము తడికి తుప్పు పడుతుందనేది, అంత పెద్ద చదువుకు కనబడలేదు, అంత పెద్ద అనుభవానికీ కనబడలేదు.

జ్ఞానేశ్వర్‌ను పిలిపించి గుడ్డ చేతిలో పెట్టినాడు. ఆ పిల్లవాడి ముఖం ఎర్రబడింది.

"తుప్పులో ఆక్సిజన్ ఉంటుంది. వేడి ఎక్కగానే అది కార్బన్‌ను పట్టుకుని గాలిగా మారి బయటికి పోతుంది" అన్నాడు. "అన్నా, ఇది నేను గదా చూడాల్సింది!"

"నువ్వు గుడ్డలు ఉతకవు గదప్పా" అంది కృపమణి.

*

కూలరు ఆపాలి. చెప్పడానికి రెండు మాటలే. పొడి గదికి కిటికీ లేదు, ఆ కూలరు తప్ప వేరే గాలి లేదు. మే నెల నడుమ ఆ రేకు కింద ముగ్గురు ఆడవాళ్లు ట్రేలు తిప్పాలి. పదేళ్ల కిందట ఒక మనిషి ఆ గదిలో సొమ్మసిల్లి పడితే, గోపీనాథ్ వెంటబడి ఆ కూలరు తెప్పించింది ఓబుళేశే.

"తెప్పించినోడివీ నువ్వే, తీయించేటోడివీ నువ్వే" అంది కృపమణి. "మమ్మల్ని మాడ్చి నీ బటన్లు కాల్చుకుంటావా?"

 మీ మంచికే అని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు. కానీ ఓబుళేశు నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"నాకు ఫర్నేసు కావల్ల కృపమ్మా."

ఆమె అతని వంక చూసింది. ఎగతాళి చేయలేదు.

"నా కోసమని చెప్తావేమో అనుకుంటి. చెప్పింటే పో అంటాంటి." గుడ్డలు మడత పెట్టింది. మెల్లగా అంది, "నాకూ పొద్దున లేస్తే దగ్గు వస్తాండాదన్నా. ఆర్నెల్లాయ. ఎవురికీ చెప్పలే. చెప్తే నాకు గేటు పని గూడా లేదు."

ఓబుళేశు కంచె మీద మిగిలిన గుడ్డ తీసి ఆమె చేతికిచ్చినాడు.

దారి చూపించింది ఆమే. తెల్లవారుజామున నాలుగున్నరకు వస్తాం, చల్లపొద్దులో ఆరబెడతాం, తొమ్మిదికంతా పొడిని డబ్బాల్లో పోసి మూత బిగించేస్తాం, ఆ పైన కూలరు మా ఇష్టం, ఒంటిగంటకు ఇండ్లకు పోతాం. గోపీనాథ్ ఒంటిగంట దగ్గర ముఖం ముడిచినాడు. కృపమణి తుప్పుగుడ్డను అతని బల్ల మీద పరిచింది. ముఖం సడలింది.

మూడో కాల్పు బటన్లు పన్నెండూ పలికినాయి. ఇంకో పన్నెండు తెమ్మన్నాడు ఓబుళేశు. అవీ పలికినాయి. బేతంచెర్ల వైపు రెండు బోర్లకు ఆ బిట్టు పంపితే సున్నపురాయిలో ఒక్క పన్ను కూడా రాలలేదని కబురు వచ్చింది. బోర్లలో నీళ్లు పడినాయా అని ఎవరూ అడగలేదు.

జూన్ మొదటి వారంలో కోబాల్ట్ డబ్బాలు లారీ ఎక్కినాయి. షెడ్డును మూడు రోజులు కడిగినారు. గోనె తెర కాల్చేసినారు. లారీకి గేటు తీసింది ఓబుళేశే. అది మలుపు తిరిగేదాకా చూసి, గేటు వేసి, తాళంచెవి కృపమణి చేతికిచ్చి, నలభై అడుగులు నడిచినాడు. ఇస్తిరీ చొక్కా వేసుకుని ఉన్నాడు ఆ రోజు.

షెడ్డు లోపల వాసన మారింది. ఫర్నేసు మారలేదు. దాని నీళ్ల గొట్టం మీద తను చుట్టిన సైకిలు ట్యూబు ముక్క అట్లే ఉంది. అయ్యన్న పక్కకు జరిగి, "దా అన్నా, నీ పిల్ల నీకే" అన్నాడు.

ఫర్నేసుకు మూడు మెట్లు. పైన అరుగు. బటన్లు పేర్చిన నల్లని గ్రాఫైటు ట్రే ఒక్కొక్కటి పన్నెండు కిలోలు, పదహారు ట్రేలు ఎక్కించాలి. మొదటి ట్రే ఎత్తుకున్నాడు. మూడు మెట్లు ఎక్కి, లోపల పెట్టి దిగినాడు. రెండోది ఎత్తినాడు. రెండో మెట్టు మీద కాలు పెట్టేసరికి షెడ్డు అంతా తెల్లగా అయింది. ట్రే కింద పెట్టకూడదు, పెడితే పచ్చి బటన్లు అంచులు రాలతాయి. ఆ ఒక్క సంగతి గుర్తుంది. దాన్ని పట్టుకుని అట్లే నిలబడినాడు. రొమ్ము లోపల గాలి కోసం ఎవరో తలుపు కొడుతున్నారు, తలుపు తీసేవాడు లేడు.

ట్రే చేతుల్లోంచి లేచిపోయింది. వెనకే వచ్చిన కృపమణి తీసుకుంది. అయ్యన్న భుజం పట్టి కింది మెట్టు మీద కూర్చోబెట్టినాడు.  గోపీనాథ్ ఫోను చూసుకుంటూ బయటికి పోయినాడు.

లోపల దుమ్ము లేదు. కోబాల్ట్ లేదు. గాలి కర్నూలు గాలి, అందరూ పీల్చేదే. పోయిన ఊపిరి తిరిగి రాదని డాక్టరు చెప్పిన రెండో మాట రెండేళ్ల తర్వాత ఆ మెట్టు మీద ఓబుళేశు చెవిన పడింది.

మిగతా పద్నాలుగు ట్రేలూ కృపమణి, అయ్యన్న ఎక్కించినారు. సాయంత్రం నాగజ్యోతి వచ్చింది. ఎవరు కబురు పెట్టినారో.  పక్కన కూర్చుని టిఫిను డబ్బా మూత తీసింది.

"ఇనపడిందా?" అంది.

"ఇనపడింది."

"ఇంటికి పోదామా?"

"రేపు పద్దినాల్గు వందలు ఎక్కుతాది. ఆ పొద్దుకు ఈడ్నే ఉంటా."

ఆమె డబ్బా అతని చేతిలో పెట్టింది.

మర్నాడు పదిగంటలకు అయ్యన్న తన సామాను సర్దుకుంటున్నాడు. సిమెంటు ఫ్యాక్టరీ బస్సు పదకొండుకు. అద్దం ముందర ఎవరో ఉండాలి. కృపమణి కొంగు బిగించి మెట్లెక్కింది.

"నల్లద్దం అడ్డం పెట్టుకో" అన్నాడు ఓబుళేశు కింద నుంచి. "ఏం రంగు?"

"ఎర్రగా."

"ఎర్రలో ఎన్ని ఎరుపులు లేవు మేయ్. మోదుగు పువ్వా, రేగిపండా?"

"రెండూ గాదు. పండిన కాకరకాయ."

"ఇంకా టైముండాది. అంచులు చూడు."

 గాలి లాగే పంపు మోత. ఓబుళేశు కళ్లు మూసుకున్నాడు. కాకరపండు రంగు తర్వాత వచ్చే రంగు అతనికి తెలుసు, దాని తర్వాతదీ తెలుసు. ఒక్కొక్కటే కనురెప్పల వెనక వెలిగించుకుంటూ పోయినాడు.

"ఇప్పుడు?"

"నిమ్మపండు. కాదు, నిమ్మపండు మీద ఎండ పడినట్టు." కృపమణి అద్దానికి ఇంకా దగ్గరికి వంగింది. "అన్నా."

"ఏం?"

"మెరుస్తాండాయి. అన్నీ ఒక్కతూరే. చెమట పట్టినట్టే ఉండాదన్నా!"

మీటరు ఇంకా పదిహేను డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. ఇనుము, నికెల్ కలిపిన పొడి కోబాల్ట్ కంటే ముందే కరుగుతుందని జ్ఞానేశ్వర్ చెప్పిన మాట ఓబుళేశుకు గుర్తొచ్చింది. తను పద్దెనిమిదేళ్లలో చూసిన చెమట కాదు అది. తను ఎప్పుడూ చూడనిది.

"మూడే మెట్లు గదన్నా" అంది కృపమణి, అద్దం మీద నుంచి కన్ను తీయకుండా. "మెల్లగా వచ్చి చూడరాదా? నేను పట్టుకుంటా."

ఓబుళేశు మెట్ల వైపు చూసినాడు. జేబులోని మొదటి కాల్పు బటన్‌ను వేళ్లతో తడిమినాడు. అది చల్లగా ఉంది.

"నువ్వు కన్ను తీయొద్దు" అన్నాడు. "అంచులు ఎట్లుండాయో చెప్తానే ఉండు."